పాత వాల్వు రేడియోకు ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరును ఎంచుకొనుట

మా పాఠశాలలో తొమ్మిదవ తరగతి చదువు విద్యార్థి యొకడు గడచిన సంవత్సరము వేసవి సెలవులకు ముందు తన తాతను వెంటబెట్టుకొని మా యింటికి వచ్చెను. తాత చేతులలో దుప్పటి చుట్టిన పెట్టె యొకటి యుండెను. విప్పి చూడగా అది టేకుచెక్క పెట్టెలో నమర్చిన అయిదు వాల్వుల రేడియో. “అయ్యవారూ, లైటు వెలుగుతా ఉండాది, వాల్వులూ కాలతా ఉండాయి, మాట మాత్రం లేదు” అని ఆయన చెప్పెను.

ఆ రేడియోను ఆయన తండ్రి 1950 దశకమున బెంగుళూరులో కొనెనట. మా హొసూరు ప్రాంతపు పల్లెలలో ఇంట తెలుగు, సంతలో కన్నడము, కచేరీలో తమిళము. 1938 జూన్ 16వ తేదీన మదరాసు రేడియో కేంద్రమును, 1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడ కేంద్రమును ప్రారంభమైన పిదప రాత్రివేళ గాలిలోనుండి తెలుగుమాట దొరకుట ఇచ్చటివారికి చిన్న సంగతి కాదు. వారి యింటి అరుగుమీద వీధివారందఱును కూర్చుండి వార్తలు, హరికథలు వినెడివారని తాత చెప్పెను. ఇప్పుడు బంధువులలో నొకరు లోపలి సామాను పీకివేసి చిన్న బ్లూటూత్ యంత్రమును పెట్టించుమని సలహా యిచ్చిరట. పట్టణములోని అలంకారవస్తువుల వ్యాపారి యొకడు వట్టి పెట్టెకే మంచి ధర చెప్పెనట. తాతకు రెండును ఇష్టము లేదు. మనుమనికిని ఇష్టము లేదు. మేము బాగుచేయలేకపోయినచో మాత్రము పెట్టె వ్యాపారికి పోవుట నిశ్చయమని వారి మాటలనుబట్టి మాకు తెలిసినది.

తెలుగు చెప్పు పంతులుకు రేడియోతో నేమి పని యని కొందఱు అడుగవచ్చును. మేము పొరుగు రాష్ట్రమైన ఆంధ్రప్రదేశములో ఉపాధ్యాయ శిక్షణ పొందు రోజులలో మా వసతిగృహము ప్రక్కనే మరమ్మతు దుకాణ మొకటి యుండెను. సాయంకాలములు అచ్చట కూర్చుండి టంకము పెట్టుట నేర్చుకొంటిమి. మేము పుస్తకములలో చదివిన ‘నిరోధము’ ఆ దుకాణములో ‘రెసిస్టన్సు’. ఇచ్చటి తమిళ పాఠ్యపుస్తకములో ‘మిన్‌తడై’. వస్తు వొక్కటియే. మన పిల్లలు మూడు పేళ్లును నేర్చుకొనవలసియున్నది. అందుచే దుకాణములో వాడు మాటలనే ఇందు తఱచుగా వాడుచున్నాము.

ముందుగా నొక హెచ్చరిక. వాల్వు రేడియో లోపల 250 వోల్టుల ఏకముఖ విద్యుత్తు ఉండును. అది ప్రాణాపాయకరము. ప్లగ్గు తీసివేసిన పిదప కూడ ఫిల్టరు కండెన్సరులలో విద్యుత్తు నిలిచియుండవచ్చును. అందుచే సుమారు 2000 ఓమ్‌ల నిరోధము గుండా దానిని ఛాసిస్సునకు దింపి, మీటరుతో సున్న యని చూచుకొన్న తరువాతనే చేయి పెట్టవలెను. పవర్ ట్రాన్స్‌ఫార్మరు లేని ఏసీ-డీసీ సెట్టులలో ఛాసిస్సు రేకే మెయిన్సు తీగకు తగిలియుండును. అట్టివానిని విద్యార్థులు అసలు తెఱవరాదు. మిగిలినవానిని కూడ పని తెలిసిన పెద్దవారు ప్రక్క నున్నప్పుడే తెఱవవలెను. చాలకాలము మూలబడియున్న సెట్టును నేరుగా మెయిన్సుకు తగిలింపక, 60 వాట్ల పాతరకపు ఫిలమెంటు బల్బును వరుసగా కలిపి తగిలించుట మంచిది. లోపల ఎచ్చటనైన షార్టు ఉన్నచో బల్బు గట్టిగా వెలిగి సెట్టును కాపాడును.

మేము ఆ విధముగనే తగిలించి చూచితిమి. బల్బు ఒక్కసారి వెలిగి మసకబారెను. కనుక పెద్ద షార్టు లేదు. పిదప బల్బు తీసి నిండు వోల్టేజి ఇచ్చి చూడగా చివరి వాల్వు, అనగా లౌడుస్పీకరును నడపు 6వీ6జీటీ వాల్వు, లోపలి తెరగ్రిడ్డు తీగలు ఎఱ్ఱబడుచుండుట కనబడెను. వెంటనే స్విచ్చి ఆపివేసితిమి. ఇది యొక ముఖ్యమైన గుర్తు. ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరుయొక్క ప్రైమరీ చుట్ట తెగిపోయినచో ప్లేటుకు విద్యుత్తు అందదు. తెరగ్రిడ్డుకు మాత్రము వేఱు దారిలో అందుచునే యుండును. ప్లేటునకు పోవలసిన ఎలక్ట్రానులలో చాలభాగము తెరగ్రిడ్డుమీద పడి దానిని కాల్చివేయును. మాట రాకున్నను లైటు వెలుగుచున్నది గదా యని గంటలకొలది సెట్టును అట్లే ఉంచినవారు ట్రాన్స్‌ఫార్మరుతోపాటు వాల్వును కూడ పోగొట్టుకొందురు.

స్విచ్చి ఆపి, కండెన్సరులను ఖాళీచేసి, వాల్వు సాకెట్టులో 3వ కాలికిని (అది ప్లేటు) హెచ్.టీ. తీగకును నడుమ మీటరు పెట్టితిమి. మంచి ప్రైమరీ యైనచో 200 మొదలు 600 ఓమ్‌ల వఱకు చూపును. ఇచ్చట ఏమియు చూపలేదు. తీగ తెగినది. విప్పి చూడగా ఒకచోట తీగమీద పచ్చని చిలుము పట్టియుండెను. తలవెండ్రుక కంటె కొంచెము లావైన ఆ రాగితీగ ఎల్లప్పుడును 250 వోల్టుల ధనావేశముతో ఉండును; తేమ తగిలినచోట విద్యుద్విశ్లేషణము జరిగి రాగి కరగిపోవును. వానకాలములలో ఈ వ్యాధి హెచ్చు.

ఇక ఈ ట్రాన్స్‌ఫార్మరు చేయు పని యేమి? దీనిని పొలములోని ఏతముతో పోల్చి చెప్పవచ్చును. ఏతపు మానుకు ఒకవైపు చేయి పొడవు, ఒకవైపు పొట్టి యనుకొందము. పొడవైన కొనను తేలికగా నొక్కినచో పొట్టికొన బరువును ఎత్తును. కాని కొంచెము దూరమే ఎత్తును. బలము పెరిగినంత కదలిక తగ్గును. వాల్వు పొడవుకొన వంటిది: వోల్టులు ఎక్కువ, విద్యుత్ప్రవాహము తక్కువ. లౌడుస్పీకరు పొట్టికొన వంటిది: దాని వాయిస్ కాయిలు నాలుగు వోల్టులు కూడ కోరదు, కాని ఆంపియరునకు మించి లాగును. ఈ రెంటికిని సంధి కుదుర్చునదే ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు.

లెక్కలో చూతము. 6వీ6జీటీ వాల్వును 250 వోల్టులతో నడపినప్పుడు దాని ప్లేటు 5000 ఓమ్‌ల భారమును కోరును. అప్పుడు సుమారు 4½ వాట్ల ధ్వనిశక్తి నిచ్చును. 5000 ఓమ్‌లలో 4½ వాట్లు వెలువడవలెనన్న 150 వోల్టులు, 30 మిల్లీ ఆంపియరులు కావలెను. మన స్పీకరు 3.2 ఓమ్‌లది. దానిలో అదే 4½ వాట్లు వెలువడుటకు 3.8 వోల్టులు, సుమారు 1.2 ఆంపియరులు కావలెను. 150ని 3.8తో భాగించినచో సుమారు 39½ వచ్చును. కనుక ప్రైమరీలో 39½ చుట్లకు సెకండరీలో ఒక చుట్టు ఉండవలెను. వోల్టులు 39½ వ వంతునకు తగ్గినవి, ఆంపియరులు 39½ రెట్లు పెరిగినవి. వోల్టులను ఆంపియరులతో భాగించినదే ఓమ్‌లు గనుక, ఓమ్‌లు 39½ని 39½తో గుణించినంత, అనగా సుమారు 1560 రెట్లు మారినవి. చుట్ల నిష్పత్తియొక్క వర్గమే అవరోధముల నిష్పత్తి. ఈ యొక్క వాక్యమును మఱచినందులకు మేము పడిన పాట్లు ముందు చెప్పెదము.

కనుక ట్రాన్స్‌ఫార్మరును కొనబోవుటకు ముందు రెండు సంగతులు తెలిసియుండవలెను: చివరి వాల్వు ఏది, స్పీకరు ఎన్ని ఓమ్‌లది. వాల్వు పేరు గాజుమీదనే అచ్చువేసియుండును. చెరిగిపోయినచో నోటి ఆవిరి ఊది వెలుతురుకు అడ్డముగా పట్టి చూడవలెను. సాధారణముగా మన ప్రాంతపు సెట్టులలో కనబడు వాల్వులలో 6వీ6జీటీ, దాని చిన్నతమ్ముని వంటి 6ఏక్యూ5 రెండును 5000 ఓమ్‌లు కోరును. 6ఎఫ్6, ఈఎల్41 వాల్వులకు 7000, 6కే6జీటీకి 7600, ఈఎల్84కు 5000కు కొంచెము పైన. 110 వోల్టుల ఏసీ-డీసీ సెట్టులలోని 50ఎల్6జీటీకి 2000 మాత్రమే చాలును. ఈ సంఖ్యలు 250 వోల్టుల (చివరిదానికి 110 వోల్టుల) నడకకు చెప్పినవి. అయిదవవంతు అటునిటు అయినను చెవికి తేడా తెలియదు. ఎందుకనగా స్పీకరు అవరోధమే స్థిరమైనది కాదు, స్వరము మారినకొలది అదియు మారుచుండును. 5000 బదులు 4500 దొరకినదని, 5500 దొరకినదని విచారపడనక్కఱలేదు. 2000 బదులు 7000 తగిలించుట మాత్రము కూడదు.

స్పీకరు సంగతి. వాయిస్ కాయిలును ట్రాన్స్‌ఫార్మరునుండి విడదీసి మీటరు పెట్టినచో అది చూపునది ఏకముఖ నిరోధము మాత్రమే. దానికి నాలుగవవంతు వఱకు కలిపినచో అవరోధము వచ్చును. మా స్పీకరు 2.7 చూపెను; కనుక 3.2 ఓమ్‌లది. ఆ కాలపు సెట్టులలో మూడు ఓమ్‌ల స్పీకరులే తఱచు. ఇప్పుడు అంగడిలో దొరకునవి 4, 8 ఓమ్‌లవి. పాత స్పీకరు చిరిగినదని 8 ఓమ్‌లదానిని తగిలించినచో వాల్వునకు కనబడు భారము 5000 నుండి 12,500కు పెరుగును. మాట సన్నగిల్లి బొంగురుపోవును. కాగితపుశంకువు చిరిగినచో పలుచని కాగితముతో అతికించి పాత స్పీకరునే నిలుపుకొనుట మేలు.

ఈ రెండును తెలిసికొని మేము బెంగుళూరులో పాతసామాను అమ్ము వీధికి పోయితిమి. అచ్చట మాకొక ట్రాన్స్‌ఫార్మరు దొరకెను. లావైనది, బరువైనది, మీద ‘10,000 – 3’ అని వ్రాసియున్నది. ప్రైమరీకి రెండు బదులు మూడు తీగలు. అది పుష్-పుల్ సెట్టుది, అనగా రెండు వాల్వులు జంటగా పనిచేయు సెట్టునకు చేసినది. నడుమ తీగకు హెచ్.టీ., రెండు కొనలకు రెండు ప్లేటులు. “పదివేలలో సగము అయిదువేలు, ఒక సగమే వాడుకొందము” అని మేము సంతోషముతో దానిని కొని తెచ్చి బిగించితిమి. మాట వచ్చెను! తాత కండ్లు చెమర్చెను. కాని పది నిమిషములు విన్న పిదప మాకే అసంతృప్తి కలిగెను. మృదంగపు తొప్పి అసలు పలుకుట లేదు. గాయకుడు గొంతెత్తినప్పుడెల్ల గరగరలు. స్పీకరు వృద్ధాప్యమని సరిపెట్టుకొంటిమి.

మఱునాడు తరగతిలో ఏతపు లెక్కను నల్లబల్లమీద వేయుచుండగా ఆ విద్యార్థియే లేచి, “సార్, సగం చుట్లు తీసుకుంటే ఓమ్‌లు సగం కావు కదా, నాలుగో వంతు కదా?” అని అడిగెను. మేము సుద్దముక్కతో నిలువబడిపోయితిమి. వాడు చెప్పినదే నిజము. చుట్లు సగమైన అవరోధము నాలుగవవంతు. పదివేలలో నాలుగవవంతు 2500. అయిదువేలు కోరు వాల్వునకు మేము సగము భారమే ఇచ్చితిమి.

తప్పు అంతటితో పోలేదు. ఒక్క వాల్వు గల సెట్టులో ఆ వాల్వుయొక్క 45 మిల్లీ ఆంపియరుల ఏకముఖ విద్యుత్తు ఎల్లప్పుడును ప్రైమరీ గుండా ఒకే దిక్కున పారుచుండును. అది ఇనుమును ఒకవైపునకే అయస్కాంతముగా మార్చి నింపివేయును. నిండిన కుండలో నీరు పోసినట్లు, ఆపైన సంగీతపు హెచ్చుతగ్గులకు ఇనుములో చోటుండదు. దీనిని అయస్కాంత సంతృప్తి యందురు. దీనిని తప్పించుటకే ఒంటివాల్వు ట్రాన్స్‌ఫార్మరులో ‘ఈ’ ఆకారపు రేకులనన్నిటిని ఒకవైపున, ‘ఐ’ ఆకారపు రేకులనన్నిటిని మఱియొకవైపున పేర్చి, రెంటి నడుమ సన్నని కాగితముతో సందు వదలుదురు. పుష్-పుల్‌లో రెండు వాల్వుల ఏకముఖ విద్యుత్తులు ఎదురెదురుగా పారి ఒకదాని నొకటి చంపుకొనును గనుక సందు అవసరము లేదు. రేకులను అటొకటి ఇటొకటిగా అల్లి పేర్చుదురు. మేము సందులేని ఇనుములో ఏకముఖ విద్యుత్తును పారించితిమి. మృదంగపు తొప్పి పలుకకపోవుటకు కారణమిదే. తక్కువ స్థాయి ధ్వనులు ట్రాన్స్‌ఫార్మరును దాటవలెనన్న ప్రైమరీకి తగినంత ప్రేరకత్వము ఉండవలెను. 5000 ఓమ్‌ల భారమునకు, సెకండునకు 100 కంపనముల ధ్వని వఱకు దిగవలెనన్న సుమారు 8 హెన్రీలు కావలెను. సంతృప్తి చెందిన ఇనుము అందులో కొంతభాగమునే ఇచ్చును.

అందుచే కొనబోవువారు మొదట చూడవలసినది తీగలెన్ని యని, పిదప రేకుల పేర్పు. వార్నీషు పొరను కొంచెము గీకి చూచినచో ఒకే వరుసలో సందుగీత కనబడును. లేనిచో ఆ వస్తువును, ఎంత చవకయైనను, ఒంటివాల్వు రేడియోకు కొనరాదు. ట్రాన్సిస్టరు రేడియోలలోని చిట్టి ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరులను కూడ అదే పేరుతో అమ్ముదురు. అవి కొన్ని వోల్టుల బ్యాటరీకి చేసినవి. 250 వోల్టులలో వాని పని చెప్పనక్కఱలేదు.

మీద ఏమియు వ్రాయని ట్రాన్స్‌ఫార్మరుయొక్క నిష్పత్తిని ఇంటిలోనే తెలిసికొనవచ్చును. 12-0-12 వోల్టుల చిన్న పవర్ ట్రాన్స్‌ఫార్మరు రెండు కొనల నడుమ 24 వోల్టుల ఏకాంతర విద్యుత్తు దొరకును. దానిని పరీక్షింపవలసినదాని ప్రైమరీకి ఇచ్చి, సెకండరీలో ఎన్ని వోల్టులు వచ్చునో చూడవలెను. 0.6 వోల్టు వచ్చినచో నిష్పత్తి 40, వర్గము 1600, 3.2 ఓమ్‌ల స్పీకరుతో 5120 ఓమ్‌లు. ఎట్టి పరిస్థితిలోను తలక్రిందులుగా, అనగా సెకండరీకి విద్యుత్తునిచ్చి ప్రైమరీని కొలువరాదు. సెకండరీకి 6 వోల్టులిచ్చినను ప్రైమరీ కొనలలో 240 వోల్టులు పుట్టును.

చౌకమీటరులతో ఇచ్చట నొక చిక్కున్నది. వానికి ఏకాంతర వోల్టులలో 200 స్కేలే అన్నిటికంటె చిన్నది. పదవవంతు కంటె సన్నగా చదువలేవు. 0.6 అని చూపినది నిజమునకు 0.5 కావచ్చును, 0.7 కావచ్చును. 0.5 అయినచో లెక్క 7300 ఓమ్‌లు దాటును, 0.7 అయినచో 3800 కూడ రాదు. వర్గము చేయునప్పుడు చిన్నతప్పు పెద్దదగును. కనుక 2 వోల్టుల ఏకాంతర స్కేలు గల మీటరు నెవరినుండియైన అడిగి తెచ్చుకొనవలెను. మేము మా పాఠశాల ప్రయోగశాల మీటరును వాడితిమి.

సరియైన వస్తువు ఎచ్చటినుండి తేవలెను? అన్నిటికంటె ఉత్తమము, అదే చివరి వాల్వు గల చచ్చిన సెట్టునుండి తీసినది. అందు భారము, ఏకముఖ విద్యుత్తు, సందు అన్నియు సరిపోవును. అది దొరకనిచో మోటార్లు చుట్టువారిచే పాత ఇనుముమీదనే మఱల చుట్టించవచ్చును. చుట్లు లెక్కించుచు పాతతీగను విప్పవలెను. ప్రైమరీకి 38వ నెంబరు తీగ, అనగా సుమారు 0.15 మిల్లీమీటరు లావుది సరిపోవును; పొరపొరకును కాగితము వేయించవలెను; తిరిగి పేర్చునప్పుడు సందుకాగితమును మఱువరాదు. పంపుమోటార్లు చుట్టు చేతులకు ఇంత సన్ననితీగ అలవాటుండదు గనుక ముందే అడుగుట మంచిది.

మైకుసెట్టులవారి 100 వోల్టుల లైన్ ట్రాన్స్‌ఫార్మరును వాడు ఉపాయ మొకటి కలదు. 100 వోల్టులలో 2 వాట్లు తీసికొను తీగ యనగా, 100 వర్గమును 2తో భాగింపగా, 5000 ఓమ్‌లు! స్పీకరువైపు 4, 8 ఓమ్‌ల తీగలుండును. లెక్క ఎంత అందముగా కుదిరినను దానిలో సందు ఉండదు. 10, 15 వాట్ల పెద్ద ఇనుము గలదైనచో చిన్నసెట్టులో కొంత ఓర్చుకొనును. అంతకంటె చిన్నదైన వలదు. 230 వోల్టులనుండి 6 వోల్టులిచ్చు పవర్ ట్రాన్స్‌ఫార్మరు నిష్పత్తియు 38కి దగ్గఱగా కనబడును. కాని ఆ 6 వోల్టులు భారము పెట్టినప్పటివి. ఖాళీగా 7 వఱకు చూపును. అసలు చుట్ల నిష్పత్తి 33 మాత్రమే కావచ్చును. దాని రేకులను విప్పి ‘ఈ’లొకవైపు ‘ఐ’లొకవైపు పేర్చి కాగితము పెట్టగల ఓపిక యున్నవారికి మాట తెప్పించును, మంచిమాట తెప్పించునని మేము చెప్పము.

మాకు చివరకు పాత గ్రామఫోను ప్లేయరునుండి తీసిన ట్రాన్స్‌ఫార్మరొకటి దొరకెను. దాని వాల్వు ఈఎల్84. తీగలు నాలుగే, సందుగీత స్పష్టము. 24 వోల్టులకు 0.62 వోల్టు చూపెను, నిష్పత్తి 38.7, 3.2 ఓమ్‌లతో సుమారు 4800 ఓమ్‌లు. ప్రైమరీ నిరోధము 380 ఓమ్‌లు; 45 మిల్లీ ఆంపియరులు పారినప్పుడు 17 వోల్టులు దానిలోనే పోవును, అంత నష్టము సహజమే. ఇనుము వెడల్పు పాతదానితో సమానము.

ఈసారి వెంటనే బిగింపలేదు. పాత ట్రాన్స్‌ఫార్మరును విప్పునప్పుడు మాకొక సంగతి కనబడియుండెను. అది ఛాసిస్సుకు అసలు బెజ్జములలో గాక, ప్రక్కన క్రొత్తగా తొలిచిన బెజ్జములలో బిగింపబడియుండెను. అనగా అదియే మొదటిది కాదు. ఎప్పుడో ఒకటి పోగా దానికి బదులుగా వచ్చినది. తేమవలన ఒకటి పోవచ్చును. రెండును పోయినవనగా లోపల దొంగ యెవడో యున్నాడు.

ఆ దొంగ తఱచుగా కప్లింగ్ కండెన్సరు. మొదటి ధ్వనివాల్వు ప్లేటునుండి చివరి వాల్వు గ్రిడ్డునకు సంగీతమును మాత్రము పోనిచ్చి, ఏకముఖ వోల్టులను ఆపు చిన్న మైనపు కండెన్సరు ఇది, 0.01 లేక 0.02 మైక్రోఫారడ్లది. ముసలిదైన మైనపుకాగితము కారును. కొన్ని ధనవోల్టులు గ్రిడ్డునకు చేరును. వాల్వు హద్దుమీఱి విద్యుత్తు లాగును. ఆ భారమంతయు ప్రైమరీమీద పడి కాలిపోవును. దీనిని వదలి ట్రాన్స్‌ఫార్మరును మాత్రము మార్చుట, చెఱువుకట్టకు గండి పూడ్చక నీరు తెచ్చిపోయుట వంటిది. పరీక్ష సులభము. సెట్టు నడచుచుండగా 6వీ6జీటీ యొక్క 5వ కాలికిని ఛాసిస్సుకును నడుమ వోల్టులు చూడవలెను, సున్న ఉండవలెను. ధనవోల్టులు కనబడినచో స్విచ్చి ఆపి ఆ వాల్వును తీసివేసి మఱల చూడవలెను. అప్పుడును ఉన్నచో తప్పు కండెన్సరుది. పోయినచో తప్పు వాల్వుదే. మేము వాల్వు తీసి చూచితిమి. 9 వోల్టులు.

400 వోల్టులు ఓర్చు క్రొత్త కండెన్సరు వెల ఒక కప్పు టీకి మించదు. ఆ వెలకు ఒక యింటివారు రెండు ట్రాన్స్‌ఫార్మరులు పోగొట్టుకొనిరి. ప్రైమరీకి అడ్డముగా ఉండు 0.005 మైక్రోఫారడ్ల కండెన్సరును కూడ మార్చితిమి. అది షార్టయినచో ప్లేటుకు నేరుగా హెచ్.టీ. తగులును, మాట ఆగిపోవును.

సెకండరీనుండి వెనుకటి వాల్వునకు ఒక తీగ పోవుచుండెనేని అది ఫీడ్‌బ్యాకు. అట్టి సెట్టులో క్రొత్తది బిగించి స్విచ్చి వేయగానే కీచుమని అఱచినచో భయపడనక్కఱలేదు. ఆపి, సెకండరీ తీగలు రెంటిని అటునిటు మార్చవలెను. 1930 దశకపు సెట్టులలో స్పీకరుకు శాశ్వతాయస్కాంతము లేక ఫీల్డుకాయిలుండును. అది ఫిల్టరు చోకుగా కూడ పనిచేయును గనుక స్పీకరుతోపాటు దానిని తీసివేయరాదు. మా సెట్టులో ఈ రెండు బాధలును లేవు.

బిగించిన పిదప స్పీకరు తీగలు గట్టిగా ఉన్నవో లేవో రెండుసార్లు చూచుకొంటిమి. స్పీకరు లేక సెట్టును నడపినచో ప్రైమరీలో వోల్టులు విజృంభించి క్రొత్త చుట్టయే చిట్లవచ్చును. తరువాత 8వ కాలి వోల్టులు చూచితిమి. అది కాథోడు, దానికి ఛాసిస్సుకు నడుమ 250 ఓమ్‌ల నిరోధము కలదు. 12.2 వోల్టులు చూపెను. 12.2ను 250తో భాగింపగా 49 మిల్లీ ఆంపియరులు. అందులో నాలుగయిదు తెరగ్రిడ్డువి, మిగిలినవి ప్లేటువి. సరిగా ఉన్నది. తెరగ్రిడ్డు ఎఱ్ఱబడలేదు. గంటసేపు నడపి ఆపి, వోల్టులు సున్న యని చూచుకొని, చేయిపెట్టి చూడగా ట్రాన్స్‌ఫార్మరు గోరువెచ్చగా మాత్రమే యుండెను.

ఆ రాత్రి మొదట వినవచ్చినది తమిళము. పిదప కన్నడము. మృదంగపు తొప్పి పలికెను. తాత ముల్లును మెల్లగా త్రిప్పుచు, “ఉండండి అయ్యవారూ, తెలుగు ఈపక్కే ఉండేది” అని కుడివైపునకు పోయెను. మనుమడు ఒక కాగితముమీద ‘6వీ6జీటీ, 5000 ఓమ్‌లు, స్పీకరు 3.2, నిష్పత్తి 38.7, కప్లింగ్ కండెన్సరు మార్చబడినది’ అని వ్రాసి, తేదీ వేసి, పెట్టె లోపల వెనుకపలకకు అంటించెను. తెగిన పాత ట్రాన్స్‌ఫార్మరు మా ప్రయోగశాల అలమారులో నున్నది; పచ్చని చిలుము చూడగోరువారు అడిగినచో తీసి చూపింపగలము.